పొడుగు పిల్ల తల వంచుకోవాలా?

మీ ఇంట్లో వయసుకి మించి పొడుగెదిగిన ఆడపిల్ల ఉందా? ఉంటే పొయ్యి మీద పప్పు ఉడికేలోగా ఈ నాలుగు ముక్కలు చదవండి. లేకపోయినా చదవండి, పక్కింట్లోనైనా ఉండకపోదు.

నా ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు. ఇంటర్ చదివే రోజుల్లో బస్టాండులో నేను నడుస్తుంటే "పైన వాన పడుతోందా?" అని అడిగేవాళ్ళు మగపిల్లలు. మా అమ్మ మంచిదే పాపం, కానీ పెళ్ళిచూపులకి ఎవరైనా వస్తే చాలు, "కాస్త నడుం వంచి నిలబడవే" అని చెవిలో చెప్పేది. అలా వంచీ వంచీ ఇరవై ఏళ్ళకే భుజాలు ముందుకి పడిపోయాయి. మా వారు నాకంటే ఒక అంగుళం పొట్టి. ఆయన ఏనాడూ ఏమీ అనలేదు. అయినా పెళ్ళి ఫోటోలో నేను పట్టుచీర లోపల మోకాళ్ళు వంచి నిలబడ్డానన్న సంగతి మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. ఇవాళ మీకూ తెలిసింది!

ఇంటర్ మొదటి సంవత్సరంలో ఆటల మాస్టారు నన్ను చూసి "బాస్కెట్‌బాల్‌లోకి రామ్మా" అన్నారు. ఇంటికొచ్చి చెబితే నాన్నగారు పేపర్లోంచి తలెత్తకుండానే "నిక్కరేసుకుని గెంతుతావా?" అన్నారు. అంతే, ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

ఇప్పుడు మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. నాకంటే ఇంకో అంగుళం ఎక్కువే. నాకు దక్కని ఆట దానికి దక్కింది, కాలేజీ జట్టులో ఆడుతోంది. పోయిన ఏడాది ఒక సాయంత్రం బూట్లు గుమ్మంలో విసిరేసి, "అమ్మా, నేను మానేస్తున్నా. నన్ను తీసుకెళ్ళి బుట్ట కింద స్తంభంలా నిలబెడతారు. అందరూ తోసేవాళ్ళే. బంతి మాత్రం ఎవరూ ఇవ్వరు" అని ఏడుపు మొదలెట్టింది. మా అత్తగారు వెంటనే అందుకున్నారు. "మానెయ్యనీ, మంచిదే. ఇంకా గెంతితే ఇంకా పొడుగవుతుంది. దీనికి మొగుణ్ణి ఎక్కణ్ణుంచి తేవాలి?" అని.

అప్పుడు నేను నోరు తెరవకపోతే మా అమ్మ చేసిన పనే నేనూ చేసినదాన్ని అయ్యేదాన్ని. కానీ నాకు చెప్పడానికి ఒక సంగతి ఉంది. అదెలా తెలిసిందో మీకూ చెబుతాను.

2024లో చెల్లెలి పురిటికి అమెరికా వెళ్ళి ఆరు నెలలున్నాను. వాళ్ళుండేది సౌత్ కరోలినా రాష్ట్రంలో కొలంబియా అనే ఊళ్ళో. మా మరిదికి అక్కడి యూనివర్సిటీ ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టంటే ప్రాణం. మనకి క్రికెట్ ఎలాగో ఆ ఊరికి ఆ ఆట అలాగ. కాలేజీ ఆడపిల్లల ఆట చూడటానికి పద్ధెనిమిది వేలమంది పట్టే స్టేడియం నిండిపోతుందంటే నేను మొదట నమ్మలేదు. మార్చి 3, ఆదివారం, పసివాణ్ణి చెల్లెలి దగ్గర వదిలి మరిదితో వెళ్ళాను. ఇసకేస్తే రాలనంత జనం!

అక్కడ చూశాను ఆ పిల్లని. పేరు కమిల్లా కార్డోసో. ఎత్తు 6 అడుగుల 7 అంగుళాలు. చెప్పొద్దూ, నా కళ్ళు ముందు బంతి మీదికి పోలేదు, ఆ పిల్ల వీపు మీదికి పోయాయి. నిటారుగా ఉంది! అంత ఎత్తు పిల్ల ఇంకా కాస్త ఎత్తు కావాలన్నట్టు చెయ్యి పైకెత్తి బంతి అడుగుతోంది. బ్రెజిల్ నుంచి పదిహేనేళ్ళ వయసులో, ఇంగ్లీషు రాకుండానే, ఒక్కతీ చదువుకోవడానికి వచ్చిందట. ఆరోజు చివరి సంవత్సరం పిల్లలకి సన్మానం. వాళ్ళమ్మా అక్కా బ్రెజిల్ నుంచి వచ్చారు. కాలేజీ జట్టులో కూతురు ఆడటం ఆ తల్లి కళ్ళారా చూడటం అదే మొదటిసారని మరిది చెబితే నా కళ్ళు చెమర్చాయి. కన్నతల్లి ఎక్కడైనా కన్నతల్లే కదండీ.

ఇంటికొచ్చాక ఆట అర్థం కాలేదని అన్నాను. మరిది భోజనాల బల్ల మీద ఉప్పు డబ్బా, ఆవకాయ జాడీ, నాలుగు గ్లాసులు పెట్టి చెప్పాడు. నాకర్థమైనట్టు మీకు చెబుతాను.

బుట్ట నేలకి 10 అడుగుల ఎత్తున ఉంటుంది. దాని ముందు 12 అడుగుల వెడల్పున రంగు వేసిన చోటు ఉంటుంది. దాన్ని పెయింట్ అంటారు. దాని అంచున, బుట్టకి దగ్గరగా నిలబడి ఆడటమే పోస్టు ఆట. ఉత్తరాల పోస్టు కాదండోయ్! అక్కడ నిలబడేది ఎక్కువగా పొడుగు పిల్లే. అయితే ఊరికే నిలబడితే ఉపయోగం లేదు. మన జట్టు దగ్గర బంతి ఉన్నప్పుడు ఆ రంగు చోట్లో మూడు సెకన్లకి మించి ఉంటే తప్పు. అందుకని లోపలికీ బయటికీ మసలుతూ ఉండాలి. అవతలి పిల్లని తన వీపుకి ఆనించి, మోకాళ్ళు వంచి, కాళ్ళు ఎడంగా పెట్టి చోటు కాపాడుకోవాలి. చెయ్యి పైకెత్తి బంతి అడగాలి. బంతి అందగానే ఒక కాలు నాటుకుని, రెండోది అవతలి పిల్లని దాటేలా వెనక్కి వేసి, గిర్రున తిరిగి బుట్టలో వెయ్యాలి. మోకాళ్ళు వంచడం అక్కడా ఉంది చూశారా? నేను పొట్టిగా కనబడటానికి వంచాను. ఆ పిల్ల ఎవరూ కదపకుండా ఉండటానికి వంచుతోంది!

"అయితే పొడుగుంటే చాలన్నమాట" అన్నాను. "అక్కడే పొరబడ్డారు వదినా" అన్నాడు మరిది. పొడుగు పిల్లని ఒక్కతే కాస్తుంటే తనే బుట్టలో వేస్తుంది. అందుకని అవతలివాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చి చుట్టుముడతారు. అప్పుడు ఎక్కడో ఒకచోట మన పిల్ల ఖాళీగా ఉంటుంది కదా? బంతిని బయటికి ఆ పిల్లకి ఇచ్చెయ్యాలి. ఆ పిల్ల దూరం నుంచి వేస్తే మూడు పాయింట్లు. లోపలి పిల్ల భయానికి బయట ఖాళీ దొరుకుతుంది, బయటి పిల్ల భయానికి లోపల ఖాళీ దొరుకుతుంది. ఒకరివల్ల ఒకరికి. ఉమ్మడి కుటుంబంలో తోడికోడళ్ళు కలిసికట్టుగా ఉంటే పని ఎలా సాగుతుందో అలాగ.

ఆ కలిసికట్టు లేకపోతే ఏమవుతుందో కూడా చెప్పాడు. 2023లో ఇదే జట్టు ఒక్క ఆటా ఓడకుండా 36 ఆటలు గెలిచి సెమీఫైనల్‌కి వచ్చింది. అప్పుడు వాళ్ళ పోస్టు పిల్ల అలియా బోస్టన్, 6 అడుగుల 5 అంగుళాలు. ఎదుటి జట్టు అయోవా. వాళ్ళేం చేశారంటే, దూరం నుంచి సరిగ్గా వెయ్యలేని పిల్లల్ని వదిలేసి, అందరూ బుట్ట కిందికి చేరి బోస్టన్ చుట్టూ గోడ కట్టారు. దానికి తోడు ఆమెకి మొదట్లోనే రెండు ఫౌల్స్ పడ్డాయి, అయిదు పడితే బయటికే. ఆరోజు ఆమె చేసింది 8 పాయింట్లే. బుట్టలో పడకుండా తిరిగొచ్చిన బంతుల్ని పట్టడంలో, దాన్ని రీబౌండ్ అంటారు, వీళ్ళవి 49, వాళ్ళవి 25. అయినా 77-73తో ఓడిపోయారు. అవతల కెయిట్లిన్ క్లార్క్ అనే పిల్ల ఒక్కతే 41 కొట్టింది. లోపల ఎంత బలం ఉన్నా బయట తోడు లేకపోతే గెలుపు రాదన్నమాట.

వాళ్ళ కోచ్ డాన్ స్టేలీ. ఆవిడ ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలే, నాకంటే పొట్టి! తాను ఆడే రోజుల్లో బంతి అందించే స్థానంలో ఆడి మూడు ఒలింపిక్ బంగారు పతకాలు తెచ్చుకున్నారు. 2023 ఓటమి తర్వాత దూరం నుంచి బాగా వేసే టెహీనా పావోపావో అనే పిల్ల ఆరెగాన్ నుంచి ఈ జట్టులోకి వచ్చింది. లోపల కార్డోసో, బయట ఈ పిల్లలు.

నేనక్కడ ఉండగానే జరిగిన సంగతులు వినండి. మార్చి 9న టెనెసీతో ఆట. ఒక్క సెకను పైచిలుకు మాత్రమే మిగిలి ఉంది. వీళ్ళు రెండు పాయింట్లు వెనక. బంతి కార్డోసో చేతికొచ్చింది, అదీ దూరంగా ఉండగా. అంతవరకూ కాలేజీ ఆటల్లో ఒక్కసారి కూడా మూడు పాయింట్ల బంతి బుట్టలో వెయ్యని పిల్ల. విసిరింది. పలకకి తగిలి లోపల పడింది! 74-73. మా చెల్లెలు అరిచిన అరుపుకి నిద్రపోతున్న పసివాడు ఉలిక్కిపడి లేచాడు.

మర్నాడే అదే పిల్ల ఇంకో పని చేసింది. ఎల్.ఎస్.యూ.తో ఆటలో తోపులాట వస్తే కోపం ఆపుకోలేక అవతలి పిల్లని నెట్టేసింది. బయటికి పంపించారు. తర్వాతి పెద్ద పోటీలో మొదటి ఆట ఆడనివ్వలేదు. ఆట మొత్తం ఒంటికి ఒళ్ళు తగిలే చోట నిలబడే పిల్లకి ఓర్పు ఎంత కావాలో నాకప్పుడే తెలిసింది. బలం ఉన్నవాళ్ళకే ఓర్పు ఎక్కువ కావాలేమో.

ఏప్రిల్ 7న క్లీవ్‌లాండ్‌లో ఫైనల్. మళ్ళీ అయోవాయే! మొదటి పది నిమిషాల్లోనే క్లార్క్ 18 పాయింట్లు కొట్టింది. 27-20తో వాళ్ళదే పైచెయ్యి. నేను సోఫా అంచుకి వచ్చేశాను. కానీ మెల్లగా లెక్క మారింది. బుట్టలో పడని ప్రతి బంతికీ కార్డోసో చెయ్యి అందేది. పడని బంతి మన చేతికే తిరిగొస్తే ఇంకో అవకాశం వచ్చినట్టే కదా! రీబౌండ్లు 51 వీళ్ళవి, 29 వాళ్ళవి. ఈసారి బయటి పిల్లలూ వేశారు. చివరికి 87-75. కార్డోసోవి 15 పాయింట్లు, 17 రీబౌండ్లు. ఆ పోటీలో ఉత్తమ క్రీడాకారిణి కూడా ఆ పిల్లే. ఆ సంవత్సరం 38 ఆటలు ఆడి 38 గెలిచారు.

ఇదంతా మా అమ్మాయికి చెప్పాను. బల్ల మీద ఉప్పు డబ్బా పెట్టి మరీ! "నీకివన్నీ ఎలా తెలుసమ్మా?" అని నోరు తెరిచింది. బోస్టన్ కథ కూడా చెప్పాను. కరీబియన్ దీవుల్లో పుట్టి, పన్నెండేళ్ళకి అక్కతో కలిసి అమెరికాలో ఉన్న వాళ్ళ ఆంటీ ఇంటికి వచ్చి పెరిగింది. 2021 సెమీఫైనల్లో స్టాన్‌ఫర్డ్‌తో ఆఖరి క్షణంలో బుట్ట పక్కనుంచి వేసిన బంతి బయటికి పోయింది. 66-65తో ఓటమి. ఆ పిల్ల ఏడుపు దేశమంతా టీవీలో చూసింది. మానెయ్యలేదు. మరుసటి ఏడు ఫైనల్లో 11 పాయింట్లు, 16 రీబౌండ్లతో కప్పు గెలిచింది.

అప్పుడడిగాను, "నువ్వు బంతి అడుగుతున్నావా తల్లీ?" అని. కాసేపు మాట్లాడలేదు. "చెయ్యెత్తితే ఇంకా పొడుగ్గా కనబడతానని..." అంది. నాకు గుండె కలుక్కుమంది. అది నా గూనే. నా కూతురికి నేనే ఇచ్చాను, ఒక్క మాటైనా అనకుండా, నడిచి చూపించి!

ఆరోజు అత్తగారితో మెల్లగానే అన్నాను, "అత్తయ్యా, పొడుగు ఆట వల్ల రాలేదు, నా వల్ల వచ్చింది. ఆ ఎత్తుకి ఒక్కచోటైనా విలువ ఉంటే దాన్ని ఉండనివ్వండి" అని. ఆవిడ రెండు రోజులు ముభావంగా ఉన్నారు. మూడో రోజు మనవరాలి గ్లాసులో పాలు కాస్త ఎక్కువ పోశారు. అదే ఆవిడ ఒప్పుకోవడం.

మా అమ్మాయి కోచ్‌గారితో మాట్లాడింది. బంతి అందించే పిల్లలతో రోజూ సాయంత్రం పావుగంట విడిగా సాధన మొదలెట్టింది, వాళ్ళు లోపలికి వెయ్యడం, ఇది తిరిగి బయటికి ఇవ్వడం. నెల తర్వాత పక్క ఊరి కాలేజీతో ఆట ఉంటే మొదటిసారి నేనూ వెళ్ళాను. గెలిచారని రాస్తే మీకు బావుండేది. ఆరు పాయింట్లతో ఓడిపోయారు. కానీ నా కూతురు చెయ్యి ఎత్తింది. ఎత్తిన ప్రతిసారీ కాకపోయినా, చాలాసార్లు బంతి దాని దగ్గరకొచ్చింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో, "అమ్మా, ఇద్దరు మీద పడితే బయటికి ఇచ్చాను చూశావా?" అంది. చూడకపోవడమేమిటి!

మొన్న మా ఆడపడుచు కూతురి పెళ్ళిలో ఫోటో తీస్తుంటే అలవాటుగా మోకాళ్ళు వంగబోయాయి. పక్కన నిలబడ్డ మా అమ్మాయి నా వీపు మీద చెయ్యి వేసి చిన్నగా తట్టింది. నిటారుగా నిలబడ్డాను. ఫోటోలో మా వారికంటే అంగుళం ఎత్తుగా ఉన్నాను. ఆయన ఆ ఫోటోనే ఫ్రేము కట్టించి హాల్లో పెట్టారు.

అందుకే చెబుతున్నాను. మీ పొడుగు పిల్లని వంగమని చెప్పకండి. ఆడతానంటే రోజూ ఒక గుడ్డు, గుప్పెడు వేరుశనగలు, గ్లాసు రాగిజావ ఇచ్చి పంపండి. ఒక్కసారైనా వెళ్ళి ఆట చూడండి. ఇంకో సంగతి, ఆ పిల్లకి చెప్పేముందు మీరు ఎలా నిలబడుతున్నారో అద్దంలో ఒక్కసారి చూసుకోండి. పిల్లలు మన మాట వినరు గానీ, మన నడక మాత్రం చూస్తూనే ఉంటారు.

అయ్యో, మాటల్లో పడి మరిచాను. మీ పప్పు ఉడికిపోయి ఉంటుంది, చూసుకోండి!