మస్టర్ పడని మానిటర్

కాజీపేట దాటాక భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌లో కిటికీ పక్కన సీటు దొరికింది. ఒళ్లో సంచి. అందులో బట్టలకంటే తీగలే ఎక్కువ. రెండు హెచ్‌డీఎంఐ కేబుళ్లు, పాత వీజీఏ కేబుల్ ఒకటి, కన్వర్టర్, స్క్రూడ్రైవర్, గ్రాఫిక్స్ డ్రైవర్ ఎక్కించిన పెన్‌డ్రైవ్. ఎదుటి సీటాయన తొంగిచూసి "టీవీ మెకానిక్కా సార్?" అనడిగాడు. జ్యోతినగర్‌లో మా అక్క కూతురి కంప్యూటర్‌కు రెండో మానిటర్ కనబడటం లేదట, చూడ్డానికి పోతున్నానని చెప్పాను. దానికింత దూరమా అన్నట్టు చూసి పేపరు విప్పుకున్నాడు.

ఆయన అనుమానమూ న్యాయమే. అప్పటికి మూడు రోజులుగా ఫోన్లో వైద్యం నడిచింది. విండోస్ మీటతో కలిపి పీ నొక్కి ఎక్స్‌టెండ్ ఎంచుకోమన్నాను. సెట్టింగ్స్‌లో డిటెక్ట్ నొక్కమన్నాను. "ఇంకో డిస్‌ప్లే లేదంటోంది మామయ్యా" అంది. ఆపి మళ్లీ వేసినా అంతే. మానిటర్ మీద "నో సిగ్నల్" అని ఓసారి వెలిగి ఆరిపోతోంది. ఇంటి నుంచి చేసే ఉద్యోగం. ఒక తెర మీద కోడు, ఇంకో తెర మీద మీటింగు లేకపోతే పిల్లకు చెయ్యి విరిగినట్టే ఉంది. "ఎట్లాగూ పండుగకు రావాలె గదా, నాలుగు రోజులు ముందే రా" అంది అక్క.

జమ్మికుంట, ఓదెల, పెద్దపల్లి దాటి రామగుండంలో దిగేసరికి చీకటి పడింది. ఆటో ఎక్కిన కాసేపటికి ఎన్‌టీపీసీ చిమ్నీల మీద ఎర్రదీపాలు కనిపించాయి. 1978 నవంబర్ 14న మొరార్జీ దేశాయ్ శంకుస్థాపన చేసిన ప్లాంటు ఇది. 1983లో మొదటి యూనిట్ నడిచింది. తర్వాత యూనిట్లు ఏడై, సామర్థ్యం 2,600 మెగావాట్లకు చేరింది. సింగరేణి బొగ్గు సొంత రైలు పట్టాల మీద వస్తుంది. వ్యాగన్ల అడుగు తలుపులు తెరుచుకుని బొగ్గు తొట్లలోకి రాలుతుంది. ఆ ప్లాంటు టౌన్‌షిప్ పేరే జ్యోతినగర్. దక్షిణాది రాష్ట్రాలకు కరెంటు పంపే ఊళ్లో ఒక తెర వెలగక నేను సంచి మోసుకుంటూ వచ్చాను.

మా బావ గోదావరిఖని బొగ్గు బాయిల్లో ముప్పై ఏళ్లకు పైగా ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. "ముందుగాల తిను బామ్మర్దీ. మానిటర్ ఏడికి పోతది" అన్నాడు. తిన్నాక నేను అన్ని తీగలూ ఒకేసారి పీకబోతే చెయ్యి పట్టుకున్నాడు. "మోటర్ నడవకపోతే అన్నీ ఒక్కసారే మార్చొద్దు. ఒక్కటి మార్చు, చూడు. మళ్ల ఇంకోటి."

సరే, బావ లెక్కనే పోయాం. ముందు మానిటర్ మెనూ తెరిచి ఇన్‌పుట్ సోర్స్ చూశాం. హెచ్‌డీఎంఐ అనే ఉంది. మొదటి మానిటర్‌కున్న తీగ తీసి రెండో దానికి పెట్టాం; బొమ్మ వచ్చింది. అంటే మానిటర్ మంచిదే. రెండో తీగ బదులు నా సంచిలోని కొత్తది అదే రంధ్రంలో పెట్టాం; మళ్లీ నో సిగ్నల్. అంటే తీగ తప్పూ కాదు. డివైజ్ మేనేజర్‌లో గ్రాఫిక్స్ కార్డు దాని అసలు పేరుతోనే ఉంది. అక్కడ మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉంటే డ్రైవర్ పోయినట్టు. అది ఒక్క తెరనే నడుపుతుంది. ఇక్కడ ఆ బాధా లేదు. ఇక మిగిలింది రంధ్రమే.

టేబుల్ కింద దూరి, ఫోన్ లైటు వేసి క్యాబినెట్ వెనక చూశాను. మొదటి తీగ కింద, గ్రాఫిక్స్ కార్డుకు ఉంది. రెండోది పైన, మదర్‌బోర్డు హెచ్‌డీఎంఐకి ఉంది. కార్డు రెండో రంధ్రానికి నల్లటి రబ్బరు మూత బిగించి ఉంది!

"బావా, ఈ మూత ఎవరు పెట్టిండ్రు?"

బావ తల గోక్కున్నాడు. "దుమ్ము పోతదని బ్లోయర్ పట్టిన. ఖాళీగ ఉన్నదానికి మూత పెట్టిన." బొగ్గు ఊరు కదా, వారం తుడవకపోతే కిటికీ చువ్వ మీద వేలితో పేరు రాయొచ్చు. శుభ్రం చేసి తీగలు తిరిగి పెట్టేటప్పుడు ఒకటి పైకి పోయింది.

అసలు సంగతి బావకు ఆయన మాటల్లోనే చెప్పాను. హెచ్‌డీఎంఐలో 19 పిన్నులు. కంప్యూటర్ 18వ పిన్ను మీద 5 వోల్టులు పంపుతుంది, మానిటర్ దాన్ని 19వ దాని మీద తిప్పి పంపి "నేనున్నా" అంటుంది. ఆ తర్వాత తన కంపెనీ, మోడల్, చూపగల కొలతలు రాసున్న చిన్న చిట్టా అందిస్తుంది. దాన్నే ఈడీఐడీ అంటారు, మొదటి భాగం 128 బైట్లే. బాయి దిగేముందు మస్టర్, అంటే హాజరు, పడ్డట్టన్నమాట. గేటు ముందు ఎంతసేపు నిలబడ్డా మస్టర్ పడకుంటే ఆ రోజు డ్యూటీలో లేనట్టే కదా? విడిగా గ్రాఫిక్స్ కార్డు పెడితే చాలా కంప్యూటర్లు మదర్‌బోర్డు డిస్‌ప్లేను వాటంతటవే ఆపేస్తాయి. బయాస్‌లో మార్చుకుంటే కొన్నిటిలో రెండూ నడుస్తాయి. ఇక్కడ మార్చలేదు కాబట్టి ఆ గేటు దగ్గర మస్టర్ రాసుకునేవాడే లేడు.

మూత తీసి తీగ కిందికి మార్చాను. రెండు సెకన్లు నల్లగా ఉండి తెర వెలిగింది. మేనకోడలు ఎలుకను ఈ తెర నుంచి ఆ తెరకు లాగి చూసుకుని నవ్వింది. బావ మాత్రం నవ్వలేదు. "బాయిల కేబుల్ ఇప్పితే చీటీ కట్టకుండ ఎన్నడు ఇప్పలే. ఇంట్లనే మరిచిన" అన్నాడు.

తెల్లారి నేను లేచేసరికి క్యాబినెట్ వెనక పని అయిపోయింది. ప్రతి తీగకూ తెల్ల టేపు చుట్టి, పెన్నుతో అంకె వేసి ఉంది. అవే అంకెలు రంధ్రాల పక్కన కూడా. మీ ఇంట్లో కంప్యూటర్ తుడవబోయే ముందు ఈ పని చేయండి. టేపు లేకపోతే వెనక వైపు ఒక ఫొటో తీసి పెట్టుకోండి. నాకైతే నాలుగు రోజుల ముందు ప్రయాణం తప్పేది.