వ్యానులో వేణ్నీళ్లు

జనగామ నుంచి సిద్దిపేట వెళ్లే దారిలో వస్తుంది బచ్చన్నపేట. సంక్రాంతి దాటిందంటే చాలు... ఈ ఊళ్లలో జాతర ముచ్చట్లే. ఓ వైపు కొమురవెల్లి మల్లన్న, మరోవైపు రెండేళ్లకోసారి మేడారం సమ్మక్క-సారలమ్మలు. ఒకప్పుడు ఎడ్లబండి కట్టేవారు. తర్వాత ట్రాక్టర్లు, డీసీఎంలు వచ్చాయి. మరి ఓ పాత వ్యాను కొని, సీట్లు తీసి, మంచాలు బిగించి, చిన్న ఇల్లులా మార్చుకుంటే? పొయ్యి, పరుపు, ఫ్యాను... అన్నీ అమరుతాయి. చిక్కల్లా వేణ్నీళ్ల దగ్గరే! జంపన్నవాగులో పెద్దలు చన్నీళ్లకే మునుగుతారు. చంటిపిల్లలకు, ముసలివాళ్లకు మాఘమాసపు చలిలో అది కుదరదు కదా.

బకెట్ లెక్క

హీటరు కొనేముందు చూడాల్సింది నీళ్లు ఎన్ని అన్నది. ఇరవై లీటర్ల బకెట్ నీళ్లను 20 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు తేవాలంటే దాదాపు అర యూనిట్ కరెంటు కావాలి. నలుగురికి నాలుగు బకెట్లంటే బండి మీద 80 కిలోల బరువు. పొదుపు గురించి బచ్చన్నపేట వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. వాన ముఖం చాటేస్తే చెరువులు నెర్రెలిచ్చే ప్రాంతమిది. ఎక్కడో ములుగు జిల్లా గంగారం దగ్గర ఎత్తిపోసిన గోదావరి నీళ్లు దేవాదుల పథకం కింద ఇటువైపు చెరువులకు రావాల్సి వచ్చింది. చెంబుతో పోసుకుంటే మనిషికి పది లీటర్లు చాలు.

ఏది మేలు?

ఇంట్లో వాడే రాడ్డు వ్యానుకు పనికిరాదు. వంద ఆంపియర్ అవర్ల బ్యాటరీలో ఉండేదే సుమారు 1.2 యూనిట్లు. ఒక్క బకెట్‌కే అందులో సగం దాకా ఖర్చవుతుంది. ఇక రాత్రి లైటు, ఫ్యాను సంగతేంటి?

టాపు మీద నల్లరంగు వేసిన ట్యాంకు పెడితే ఎండకు నీళ్లు ఊరికే వేడెక్కుతాయి. కానీ తెల్లారేసరికి చల్లారిపోతాయి. సాయంత్రం స్నానానికైతే భేష్.

ఇంజిను వేడిని వాడుకోవడం మరో పద్ధతి. రేడియేటర్‌కు వెళ్లే వేడి ద్రవాన్ని గొట్టం ద్వారా నీళ్ల ట్యాంకులోంచి తిప్పుతారు. ఆ ద్రవం విషం, స్నానం నీళ్లలో చుక్క కూడా కలవకూడదు. బచ్చన్నపేట నుంచి జనగామ, వరంగల్, ములుగు మీదుగా మేడారం చేరేసరికి నీళ్లు బాగా కాగుతాయి. అయితే జాతర నాలుగు రోజులు. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు జరిగింది. బండి ఆపేశాక రెండోరోజు వేడి ఎక్కడి నుంచి వస్తుంది?

మిగిలింది గ్యాస్. బకెట్‌కు 50 గ్రాములు సరిపోతుంది. ఐదు కిలోల చిన్న సిలిండర్ ఉంటే జాతరంతా గడిచిపోతుంది.

ప్రాణాల మీదికి రాకుండా...

గ్యాస్ గీజరును వ్యాను లోపల బిగించడమంత ప్రమాదం మరొకటి లేదు. ఇరుకు చోట గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగుండదు, వాసనుండదు. తలనొప్పి, మత్తుగా మొదలై నిద్రలోనే ప్రాణం తీస్తుంది. చలికి తలుపులు బిగించుకుని పడుకునే వ్యానులో అది మరీ ముప్పు. వంటగ్యాస్ లీకైతే దానిది ఇంకో తీరు. గాలికన్నా బరువు కాబట్టి నేల మీదే పేరుకుంటుంది. అందుకే గీజరైనా, పొయ్యి అయినా బండి బయట, గాలి ఆడే చోటే వెలిగించాలి. సిలిండర్‌ను కూడా బయటికి దించాకే వాడుకోవాలి. అసలు బండి రూపు మార్చాలన్నా రవాణా శాఖ అనుమతి తప్పనిసరి.

అన్నీ బేరీజు వేసుకుంటే, ఏడాదికి రెండు మూడు ప్రయాణాలు చేసే కుటుంబానికి గీజరే అక్కర్లేదు. కొమురవెల్లి దగ్గరే కాబట్టి ఇంట్లో కాచిన నీళ్లు వేడి ఆరని డబ్బాలో పట్టుకెళ్తే సరి. మేడారానికైతే బయట పెట్టుకునే గ్యాస్ పొయ్యి, ఓ పెద్ద గంజు చాలు. ఎడ్లబండి రోజుల్లో మూడు రాళ్ల మీద కాగిన గంజే ఇది... కింద కట్టెలు పోయి గ్యాస్ వచ్చిందంతే!