బీకాం చదివి నర్సునయ్యాను

"అక్కా, డిగ్రీ అయిపోయింది. ఇప్పుడు నర్సింగ్‌లోకి రావచ్చా?" అని చుట్టాల పిల్లలు అడుగుతుంటారు. రావచ్చు. కాకపోతే ఆ డిగ్రీ పట్టా ఇక్కడ లెక్కలోకి రాదు. అడిగేది ఇంటర్ మార్కుల లిస్టు. 4 ఏళ్ల బీయస్సీ నర్సింగ్‌కి బైపీసీ చదివి ఉండాలి. నాది సీఈసీ, ఆపైన బీకాం. కాబట్టి నాకున్న దారి జీఎన్‌ఎం నర్సింగ్ డిప్లొమా ఒక్కటే: 3 ఏళ్లు, ఇంటర్‌లో ఏ గ్రూపయినా సరే, 40 శాతం మార్కులు, వయసు 35 దాటకూడదు. అది ముగించి, నర్సింగ్ కౌన్సిల్లో రిజిస్టరయ్యాక 2 ఏళ్ల పోస్ట్ బేసిక్ బీయస్సీ చేశాను. అమెరికాలోనైతే వేరే డిగ్రీ ఉన్నవాళ్ల కోసం ఏడాది, ఏడాదిన్నరలో అయిపోయే నర్సింగ్ కోర్సులున్నాయి. మన దగ్గర లేవు. మనకూ ఉండాలనే నా కోరిక. అయితే పాఠాలను ఎంత కుదించినా, వార్డులో గడపాల్సిన రోజుల్ని మాత్రం కుదించకూడదు.

అంతకుముందు గుడివాడ దగ్గర ఒక రైస్ మిల్లులో చిట్టా ఆవర్జాలు రాసేదాన్ని. మా నాయనమ్మకు పక్షవాతం వచ్చి మంచాన పడ్డప్పుడు, ఆసుపత్రిలో ఒక సిస్టర్ నా చేతులు పట్టుకుని నేర్పింది: రెండు గంటలకోసారి పక్కకి ఎలా తిప్పాలో, మడమలు పరుపుకి తగలకుండా పిక్కల కింద గుడ్డ ఎలా పెట్టాలో, దుప్పటి ముడత కూడా వీపుకి ఎలా ఒరుసుకుంటుందో. నాయనమ్మకి చివరిదాకా ఒంటి మీద పుండు పడలేదు. ఆ విద్య నాక్కావాలనిపించింది. "కుర్చీలో కూర్చుని రాసుకునేదానివి, ఒకళ్ల మలమూత్రాలు ఎత్తడానికి పోతావా?" అన్నారు పెదనాన్న. "ఎత్తుతాను, పెదనాన్నా" అన్నాను. ఆయన మళ్లీ మాట్లాడలేదు.

మొదటి ఏడాది అనాటమీ నాకు కొండే. క్లాసులో అందరూ నాకంటే చిన్నపిల్లలు. రాత్రిళ్లు హాస్టల్లో కూర్చోబెట్టి ఎముకల పేర్లు వాళ్లే అప్పజెప్పించుకునేవారు. బీకాం అక్కరకొచ్చింది వార్డులోనే. ఎ.కొండూరు తండాల నుంచి విజయవాడకి కిడ్నీ జబ్బుతో వచ్చేవాళ్ల దగ్గర, తాగిన మంచినీళ్లు, ఎక్కించిన సెలైన్, బ్యాగులో చేరిన మూత్రం గంటగంటకీ రాయాలి. కేస్ షీట్‌లో ఆ అంకెలు తేడా పడితే నాకు ఊపిరాడదు. ఆవర్జాలో పైసా తేడా వస్తే రాత్రంతా వెతికే అలవాటు మరి.

మిగతాదంతా వార్డే నేర్పింది. వరినాట్ల రోజుల్లో దివిసీమ నుంచి పాముకాటు కేసులొస్తాయి. 2018 ఆగస్టులో అవి ఎంత పెరిగాయంటే మోపిదేవి గుడిలో సర్పయాగమే చేయించారు. రక్తపింజరి కరిస్తే కాలు వాచి కనిపిస్తుంది. నెత్తురు గడ్డకడుతుందో లేదో చూడటానికి గాజు గొట్టంలో తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతాం. కట్లపాము అలా కాదు. వాపుండదు, నొప్పీ అంతగా ఉండదు. నేల మీద పడుకున్న మనిషి తెల్లారుజామున కడుపునొప్పి అంటూ వస్తాడు. అప్పుడు చూడాల్సింది కాలు కాదు, కనురెప్పలు వాలుతున్నాయా, ఊపిరి తగ్గుతోందా అని. "తల పైకెత్తమ్మా, ఒక్క గుక్కలో అంకెలు లెక్కపెట్టు" అని ఒక కూలీ తల్లిని మాటిమాటికీ అడిగాను. ఇరవై దాకా చెప్పిన మనిషి పన్నెండు దగ్గరే ఆగిపోయింది. డాక్టరుగారికి కబురు పెట్టి, ఊపిరి గొట్టం ట్రాలీ దగ్గరికి లాక్కున్నాను. ఆమె బతికింది. ఆ గుక్క కుదించుకుపోతోందని కనిపెట్టడం మందెంత ముఖ్యమో అంత ముఖ్యం. మంచం పక్కన నిలబడి ఉండేది నర్సే.

రావాలనుకునేవాళ్లు ముందు కాలేజీకి నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. రంగుల బ్రోచర్లు పక్కనపెట్టి, ప్రాక్టికల్స్‌కి ఏ ఆసుపత్రికి పంపుతారో, అక్కడ మంచాలు నిండుగా ఉంటాయో లేదో స్వయంగా వెళ్లి కనుక్కోండి. ఇంట్లోవాళ్లని ఒప్పించడానికే ఏళ్లు గడిపేయకండి, వయసు 35 దాటితే సీటివ్వరు.