కాలువకు నీళ్ళొచ్చిన కబురు

రాజమహేంద్రవరం చూడబోయినవారు కోటిలింగాల రేవులో స్నానం చేసి, మార్కండేయస్వామి దర్శనం చేసుకుని, గోదావరి మీది వంతెనలు చూసి సంతోషించి తిరిగి వచ్చేస్తూ వుంటారు. మరొక్క ఆరేడు కిలోమీటర్లు దిగువకు వెళ్ళితే ధవళేశ్వరం వస్తుంది. గోదావరి డెల్టా బియ్యం తినే ప్రతివారూ ఒక్కసారైనా చూడవలసిన వూరు అది. మా తాతగారి వూరు కాబట్టి యీ మాట అంటున్నానని మీరు అనుకోవచ్చు. అందులోనూ కొంత నిజం లేకపోలేదు.

వూరి కొండ మీద జనార్దనస్వామి కొలువై వున్నాడు. ఆ మెట్లెక్కి నిలబడి చూస్తే గోదావరి ఎంత పెద్దదో అప్పుడు బోధపడుతుంది. ఎదుట నీరు, నీటి మధ్య లంకలు, లంకల మధ్య మళ్ళీ నీరు! ఈ కొండల రాయినే తవ్వి ఆనకట్టకు వాడారు. సర్ ఆర్థర్ కాటన్ 1847లో పని మొదలుపెట్టించాడు. 1852 నాటికి కట్టడం పూర్తి అయింది. గట్టినేల తగలని యిసుక మీద అంత బరువు నిలబెట్టడమే అందులోని విశేషం. ఆ కిటుకును ఆయన కావేరి మీద మన పూర్వులు కట్టిన పాత ఆనకట్టను చూసి నేర్చుకున్నాడు. కాటన్‌కు కుడిభుజంగా నిలిచిన వీణెం వీరన్నగారి పేరును ఆ ప్రాంతంవారు నేటికీ తలచుకుంటారు.

పాత ఆనకట్ట స్థానంలో యిప్పుడున్నది బారేజి. 1982 నాటికి పూర్తయిన యీ కట్టడానికి కాటన్ పేరే పెట్టారు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు. అన్నీ కలిపి 175 గేట్లు. యిక్కడి నుంచి బయలుదేరే కాలువలు సుమారు 10 లక్షల ఎకరాలు తడుపుతున్నాయి.

ఇవన్నీ నేను పుస్తకాలలో చదవకముందే మా బాబాయి దగ్గర నేర్చుకున్నాను. బాబాయి అంటే నాకంటె పన్నెండేళ్ళు పెద్ద, అంతే. వరసకు బాబాయి, చనువుకు స్నేహితుడు. పొలాల నీటిమోటార్లు బాగుచేయడం ఆయన వృత్తి. మాటలు బహు తక్కువ. పది ప్రశ్నలు వేస్తే ఒక్కదానికి జవాబు చెప్పేవాడు. అదీ నోటితో కాదు, చేతితో.

కాలువ మీది లాకులో పడవ మెట్టు ఎలా ఎక్కుతుందని చిన్నప్పుడు ఒకసారి అడిగాను. బాబాయి ఏమీ అనలేదు. మరునాటి సాయంత్రానికి పెరట్లో, నూనెడబ్బా రేకుతోనూ పాత సైకిలు ట్యూబుతోనూ చేసిన చిన్న లాకు తయారైంది. కాగితం పడవను లోపలికి తోసి దిగువ తలుపు మూశాడు. ఎగువ నుంచి సన్నగా నీరు వదిలాడు. రెండువైపులా మట్టం సమానం కాగానే వేలితో తాకితే చాలు, ఎగువ తలుపు తెరుచుకుంది. రెండు రెక్కలూ ఎగువకు మొన తిరిగేలా ఎందుకు అమరుస్తారో అప్పుడు తెలిసింది. ఎగువ నీరు నెట్టినకొద్దీ ఆ రెక్కలు మరింత బిగుసుకుంటాయి!

1986 ఆగస్టులో గోదావరికి మహావరద వచ్చింది. ధవళేశ్వరం వద్ద సుమారు 35 లక్షల క్యూసెక్కుల ప్రవాహం. 17 లక్షలు దాటితేనే మూడవ ప్రమాద హెచ్చరిక యిస్తారంటే అది ఎంత వరదో వూహించుకోండి. నాకు అప్పుడు అయిదారేళ్ళు. పెద్దలందరూ వీధిలో నిలబడి తలకొక మాట చెబుతున్నారు. బాబాయి మాత్రం సున్నపు ముంత పట్టుకుని రేవు గోడ మీద గంట గంటకూ ఒక గీత గీస్తున్నాడు. తెల్లవారుజామున వచ్చి, "తగ్గుతోంది, పడుకోండి" అన్నాడు. ఆ రాత్రి ఆయన అన్న మాట అదొక్కటే. వీధి వీధంతా నిద్రపోయింది.

మా నాయనమ్మకు కడపటి రోజుల్లో చూపు పోయింది. ఎవరి చెయ్యీ పట్టుకోవడం ఆవిడకు యిష్టం వుండేది కాదు. బాబాయి ఆవిడ మంచం దగ్గర నుంచి పెరటిదాకా నడుమెత్తున ఒక తాడు కట్టాడు. ఒక ముడి వస్తే గడప, రెండు ముళ్ళయితే తులసికోట, మూడయితే నుయ్యి. ఆవిడ నాలుగేళ్ళు ఆ ముళ్ళు తడుముకుంటూ ఎవరినీ పిలవకుండా తిరిగింది. పట్నంలో మంచి వుద్యోగం వస్తే బాబాయి వెళ్ళలేదని యింట్లో చాలామంది ఆయనను చేతకానివాడనేవారు. ఎందుకు వెళ్ళలేదో ఆ తాడును చూసినవారికి చెప్పనక్కరలేదు.

అన్నిటికంటె వూరందరికీ తెలిసినది ఆయన కాలువగట్టు మీద అమర్చిన కంచుపళ్ళెం. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. జూన్‌లో మళ్ళీ నీరు వదులుతారు. ఎండిన కాలువ అడుగున కొంచెం యిసుక పోసి మూతబిగించిన డబ్బా ఒకటి వుంటుంది. దాని తాడు చింతకొమ్మకు కట్టిన కప్పీ మీదుగా వచ్చి యివతల ఒక రాయిని మోస్తుంది. నీరొచ్చి డబ్బా తేలగానే దాని బరువు చాలక రాయి దిగి పళ్ళెం మీద పడుతుంది. ఖంగున ఒక్కటే మోత. అంతే, అమ్మలక్కలు బిందెలతోనూ, పిల్లలు కేకలతోనూ గట్టు మీదికి చేరేవారు.

2023 మే నెలలో బాబాయి పోయాడు. గుండెజబ్బు. కడసారి నేను చూడబోయినప్పుడు జబ్బు సంగతి ఒక్క ముక్కా ఎత్తలేదు. "తాడు చీకిందిరా, మార్చాలి" అన్నాడు. పదిరోజులు తిరగకుండానే కబురు వచ్చింది.

కర్మ అయిన తరువాత బంధువులు యిల్లు సర్దబోయారు. రేకులూ, కప్పీలూ, తీగచుట్టలూ నాలుగు బస్తాలు తేలాయి. పాతయినపవాడిని పిలుద్దామన్నారు. అంతవరకు నోరెత్తని పిన్ని, "అవి వుండనివ్వండి" అన్నది. ఎవరూ మారు మాట్లాడలేదు. ఆ సాయంత్రం చూద్దును గదా, పదమూడేళ్ళ కూతురు చింతచెట్టెక్కి కొత్త తాడు కప్పీ మీద వేస్తున్నది. తండ్రి చెప్పాడేమో, చూసి నేర్చిందేమో, నేను అడగలేదు. అడిగినా ఆ పిల్ల చెప్పదు, తండ్రి పోలికే.

జూన్‌లో ఒక రాత్రి పళ్ళెం మోగిందట. పిన్ని లాంతరు తీసుకుని గట్టు మీదికి వెళ్ళి, నీళ్ళు వచ్చేదాకా కూర్చున్న మనిషిలాగే తెల్లవారేదాకా కూర్చున్నదట. బిందెలతో వచ్చిన అమ్మలక్కలు ఒక్కొక్కరే బిందెలు దించి ఆవిడ పక్కన కూర్చున్నారట. ఈ సంగతి నాకు ఉత్తరంగా కాదు, ఫోనులో ఆ పిల్లే చెప్పింది. "మోగింది అన్నయ్యా" అని మొదలుపెట్టి, మిగిలినదంతా మూడు ముక్కల్లో ముగించింది.

మీరు ధవళేశ్వరం వెళ్ళితే కాటన్ మ్యూజియం తప్పక చూడండి. బారేజి మీద నిలబడి గోదావరిగాలి పీల్చండి. గౌతమీ వసిష్ఠలు అక్కడికి దిగువనే విడిపోతాయి. వీలయితే కాలువలకు నీరు వదిలే జూన్ రోజుల్లోనే వెళ్ళండి. ముందుగా నురుగూ, ఎండుటాకులూ కొట్టుకువస్తాయి. వాటి వెనుక ఎర్రని కొత్తనీరు వస్తుంది. గట్టు వెంట నడుస్తూ వుండగా ఎక్కడో కంచుమోత వినిపిస్తే, అదేమిటని అక్కడివాళ్ళను అడగండి. చెప్పేవాళ్ళు చాలామందే వున్నారు.