వంశవృక్షమునందు ఆడుబిడ్డ

వంశవృక్షములు చదువుట యనిన పెక్కుమందికి విసుగు. ఎవరికెవరు పుట్టిరో, ఎవరెప్పుడు గతించిరో తెలిసికొన్నందువలన మనకేమి ఫలమని యందురు. మాకుమాత్రము చిరకాలముగా వానియందు మక్కువ. పేర్లును సంవత్సరములును దప్ప మఱేమియు లేని యా పుటలలో నెన్ని కాపురములు, ఎన్ని వ్యాజ్యెములు, ఎంత కన్నీరు దాగియున్నదో యని మేము వానిని గంటలకొలది చూచుచుందుము.

బ్రిటిషు ప్రభువంశముల చరిత్రలను దెలుపు గ్రంథములలో జాన్ బర్కు అనునాతడు 1826లో మొదటిసారి ప్రకటించిన పీరేజి మిక్కిలి ప్రసిద్ధమైనది. అట్టి గ్రంథములను తెఱచినపుడెల్ల మాకొక విషయము కంటికి దగులుచుండును. ఒక ప్రభువు సంతానమును వ్రాయునపుడు కుమారులనందఱిని ముందు వ్రాసి, పిదప కుమార్తెలను వ్రాయుదురు. అక్క పదియేండ్లు పెద్దదైనను ఆమె పేరు చంటితమ్ముని పేరునకు దిగువనే యుండును. మన వివాహములందును ప్రవర చెప్పునపుడు వధువు ఫలానివారి మునిమనుమరాలు, ఫలానివారి మనుమరాలు, ఫలానివారి కుమార్తె యని మూడుతరముల పురుషులను బేర్కొందురేగాని కన్నతల్లి పేరు వినబడదు గదా! దేశములు వేఱైనను పద్ధతి యొక్కటియే.

అయినను, ఉత్తర ఇంగ్లండునందలి క్లిఫర్డు వంశముయొక్క పట్టికను మేము కాగితముమీద గీసికొని చూచినపుడు వేఱొక సంగతి బయటపడెను. ఆ వంశమువారి భూములు వచ్చిన త్రోవను వ్రేలితో వెనుకకు జాడదీయగా నది యొక యాడుబిడ్డయొద్దకు దారితీసెను. ఆ కథను మన సోదరీమణులకు జెప్పవలెనని మాకు దోచినది.

వెస్టుమోర్లండు అను సీమను 1203లో జాన్ రాజు రాబర్టు వీపాంటు అను ప్రభువున కొసగెను. ఆతని మనుమడు 1264లో మరణించునప్పటికి కుమారులు లేరు. ఇసబెల్లా, ఐడోనియా యను నిరువురు కుమార్తెలుమాత్ర ముండిరి. వారిలో ఇసబెల్లా రోజరు క్లిఫర్డును వివాహమాడెను. ఐడోనియా 1333లో గతించిన పిదప ఆమె భాగమును గూడ క్లిఫర్డులకే చేరెను. ఆపిల్‌బీ, బ్రూమ్, బ్రఫ్, పెండ్రాగన్ అను నాలుగు కోటలును వారి కట్లు స్త్రీధనముగా వచ్చినవే. యార్కుషైరునందలి స్కిప్టన్ కోటమాత్రము ఇసబెల్లా కుమారునకు 1310లో రెండవ ఎడ్వర్డు రాజు ఇచ్చినది. ఆ రాజు కాలముననే, క్లిఫర్డుల భూములు మగవారైనను ఆడువారైనను కన్నసంతానమునకే చెందవలెనను కట్టుబాటు పత్రములలో వ్రాయబడెను. ఈ యొక్క మాటను సోదరీమణులు జ్ఞప్తియందుంచుకొనవలెను. కథయంతయు దీనిమీదనే నడచును.

తరువాతి రెండువందల యేండ్లలో ఆ వంశము యుద్ధములలో మునిగి తేలెను. 1461లో జాన్ క్లిఫర్డు రణమున గూలగా, ఆతని చిన్నకుమారుని శత్రువుల కంటబడకుండ తల్లి గొఱ్ఱెలకాపరుల నడుమ దాచి పెంచెనని వారి కుటుంబమున చెప్పుకొనుచుండిరి. ఆ బాలునికి 1485లో మరల తన యాస్తి లభించెను. 1525లో ఆతని కుమారునకు కంబర్లండు ఎర్ల్ అను బిరుదము వచ్చెను. ఆ బిరుదమును ధరించిన మూడవవాడు జార్జి క్లిఫర్డు. ఈతడు ఎలిజబెత్తు రాణి కొలువులో మేటి వీరుడు. స్పెయినువారి నౌకలను కొల్లగొట్టుటకు మాటిమాటికి సముద్రయానము చేసి, 1598లో పోర్టోరికోయందలి సాన్ హువాన్ పట్టణమును బట్టుకొనెను. కీర్తి వచ్చెనుగాని ధనము నీళ్లవలె వ్యయమయ్యెను. ఈతని భార్య మార్గరెట్ రస్సెల్. వారి కిరువురు కుమారులు కలిగి పసితనముననే పోయిరి. 1590 జనవరి 30వ తేదీన స్కిప్టన్ కోటలో బుట్టిన ఆన్ అను కుమార్తె యొక్కతయే మిగిలెను.

1605లో జార్జి మరణించెను. మరణశాసనము చదువగా, భూములన్నియు ఆతని తమ్ముడు ఫ్రాన్సిసునకును, 15,000 పౌనులు ఆనునకును వ్రాయబడియుండెను. అప్పటికి ఆన్ పదునైదేండ్ల బాలిక. ఆడుపిల్లకు రొక్కమిచ్చి పంపవచ్చునుగాని వంశము నిలుపు భూమిని తమ్ముడే యేలవలెనని తండ్రి తలంచియుండును. ఆ భూమిలో నధికభాగము ఒకప్పుడు ఆడుబిడ్డవలననే తమకు వచ్చినదని ఆతడు తలంచెనో లేదో!

ఇక్కడ మేము తల్లియైన మార్గరెట్టునకు నమస్కరింపవలసియున్నది. ఆమె విధవయయ్యు ధైర్యము విడువక, కుమార్తె పక్షమున వ్యాజ్యెము వేసెను. రాజపత్రాగారములలోని ప్రాతకాగితములను వెదకించి, రెండవ ఎడ్వర్డు నాటినుండి తమవఱకు ఎవరికెవరు పుట్టిరో, ఏ భూమి యెవరికెట్లు సంక్రమించెనో ప్రతిలేఖనములు వ్రాయించెను. వంశవృక్షము ఆమెకు గోడమీద వ్రేలాడదీయు అలంకారము కాదు. బిడ్డను గాపాడు ఆయుధము.

1609లో ఆన్ రిచర్డు శాక్విల్ అను యువకుని బెండ్లాడెను. రెండు దినములలో ఆతనికి డార్సెట్టు ఎర్ల్ బిరుదము వచ్చెను. కెంటు మండలమునందలి నోల్ అను మహాభవనము ఆమె యత్తవారిల్లు. భర్త సొగసుకాడు, దుబారా మనిషి. జూదములకును కోడిపందెములకును ధనము చాలకుండెను. భార్య తన హక్కును వదలుకొని రొక్కము పుచ్చుకొనిన తన యప్పులు తీఱునని ఆతని యాశ. ఆమె యొప్పుకొనలేదు.

1616వ సంవత్సరము ఆమెకు మిక్కిలి కఠినమైనది. మధ్యవర్తుల తీర్పునుగూర్చి తల్లితో నాలోచింపనెంచి ఆమె ఉత్తరదేశమునకు బోయి, తల్లియు తానును ఏకమై దానిని నిరాకరించిరి. ఏప్రిలు 2వ తేదీన బ్రూమ్ కోట సమీపమున త్రోవప్రక్క తల్లియొద్ద సెలవు పుచ్చుకొనెను. మరునెలలో భర్త, ఇంకను రెండేండ్లు నిండని కూతురు మార్గరెట్టును ఆమెయొద్దనుండి వేఱుచోటికి బంపించెను. ఆ నెల 24వ తేదీననే తల్లి మరణించెను. ఒడిలోని బిడ్డయు, తనను గన్నతల్లియు ఒక్క మాసమున దూరమైరి. చంటిబిడ్డను ఎడబాసిన తల్లి హృదయము ఏ దేశమందైనను ఒక్కటియే. ఒక్క సంతకము చేసిన బిడ్డ తిరిగివచ్చును. అయినను ఆమె సంతకము చేయలేదు. ఇది మొండితనమని కొందఱనవచ్చును. మాకట్లు తోపదు. తాను వదలుకొనిన హక్కు తన కూతునకును పోవునని ఆమె యెఱుగును.

1617 జనవరిలో జేమ్సు రాజు దంపతులనిరువురను బిలిపించి, తన తీర్పునకు లోబడుమని కోరెను. రాజు ఎదుట మోకరిల్లి, తాను బ్రతికియుండగా వెస్టుమోర్లండును విడువజాలనని ఆన్ విన్నవించెను. రాజు మంచిమాటలు చెప్పెను, కోపించెను, ఆమె కదలలేదు. అంతకు ముందే రాణి యామెను హెచ్చరించియుండెను: నీ వ్యవహారమును పూర్తిగా రాజుచేతిలో బెట్టకుము, మోసము జరుగవచ్చును, అని. ఒక రాజుభార్య తన భర్తనుగూర్చియే మఱియొక స్త్రీకి జెప్పిన యీ హితవు ఆన్ దినచర్యలో నిలిచియున్నది. తుదకు రాజు, ఆమె సమ్మతి లేకయే, భూములను పినతండ్రికిని ధనమును భర్తకును వచ్చునట్లు తీర్పుచేసెను. పినతండ్రి మగసంతతి యంతరించినచో భూములు ఆనునకు రావలెనను మాటమాత్ర మందు నిలిచెను.

ఆ యొక్క మాటను బట్టుకొని ఆమె ఇరువదియాఱేండ్లు వేచియుండెను. డార్సెట్టు 1624లో గతించెను. వారికి బుట్టిన మువ్వురు కుమారులును పసివారుగానే పోయిరి. మార్గరెట్టు, ఇసబెల్లా యను కుమార్తెలు దక్కిరి. 1630లో పెంబ్రోకు ఎర్లును వివాహమాడెను; అదియు సుఖముగా సాగలేదు. 1641లో పినతండ్రియు, 1643లో ఆతని కుమారుడును మరణించిరి. ఆ కుమారునకు మగబిడ్డ మిగులలేదు. కంబర్లండు ఎర్ల్ బిరుదము అంతటితో నశించెను; భూములుమాత్రము ఏబదిమూడేండ్ల యాడుబిడ్డను వెదకికొనుచు వచ్చెను. దేశమున అంతర్యుద్ధము జరుగుచుండుటచే 1649లోగాని ఆమె ఉత్తరమునకు బోజాలకపోయెను.

వెళ్లి చూడగా కోటలు శిథిలములు. ఆమె స్కిప్టన్, ఆపిల్‌బీ, బ్రూమ్, బ్రఫ్, పెండ్రాగన్ కోటలను బాగుచేయించి, యొకదానినుండి మఱియొకదానికి దిరుగుచు కాపురముండెను. ఆపిల్‌బీలో పదుమువ్వురు విధవలు నివసించుటకు ధర్మశాల కట్టించెను. తల్లియొద్ద కడపటిసారి సెలవు పుచ్చుకొనిన చోట 1656లో నొక శిలాస్తంభము నిలిపి, ఏటేట ఏప్రిలు 2వ తేదీన అచ్చట బీదలకు నాలుగు పౌనులు పంచునట్లు శాశ్వతముగా నేర్పాటు చేసెను. రాజులు విజయస్తంభములు నాటుదురు. తల్లికూతుండ్ర యెడబాటునకు స్తంభమెత్తినవారిని మేము మఱియొకరిని వినియుండలేదు.

తల్లి సేకరించిన కాగితములను ఆమె మఱవలేదు. వ్రాయసగాండ్రను బెట్టి, వంశపు పత్రములను, ప్రతి తరపువారి జీవితములను మూడు పెద్ద సంపుటములుగా గూర్పించి, వానికి మూడేసి ప్రతులు వ్రాయించెను. అందు మగవారితో సమముగ వారి భార్యలును, కుమార్తెలును చోటు పొందిరి. తానే చదివి అంచులయందు దిద్దుబాటులు వ్రాసెను. అవి 2015లో అచ్చుపడినవి. 1646నాటి పెద్దచిత్రము గూడ నొకటి ఆమె వ్రాయించినదే, కెండల్ పట్టణమున నున్నది. అందు నడుమ తలిదండ్రులును సోదరులును, ఒకప్రక్క పదునైదేండ్ల ఆన్, మఱియొకప్రక్క ఏబదియాఱేండ్ల ఆన్, చుట్టును వంశచిహ్నములు. ఆమెకు జదువు చెప్పిన యుపాధ్యాయినియు ఆ చిత్రమున నున్నది.

1676 మార్చి 22వ తేదీన, తన తల్లి కన్నుమూసిన బ్రూమ్ కోటలోనే ఆమెయు మరణించెను. ఆపిల్‌బీ దేవాలయమున తల్లి సమాధికి సమీపమున ఆమె సమాధి కలదు. దానిపై ఆమె ప్రతిమ లేదు. వంశపరంపరను జూపు ఇరువదినాలుగు కవచచిహ్నములుమాత్ర మున్నవి. భూములు పెద్దకూతురు మార్గరెట్టు సంతతికి, అనగా ఆ నాడు ఒడినుండి తీసికొనిపోబడిన బిడ్డ సంతతికి, చేరినవి. స్త్రీలద్వారా గూడ వచ్చు క్లిఫర్డు బారన్ బిరుదమును 1691లో ప్రభువులసభ ఆ మార్గరెట్టు కుమారునకు నిజమని యొప్పుకొనెను.

కథ యిచ్చట ముగియలేదు. ఆన్ కోడలుగా నుండిన నోల్ భవనమున, శాక్విల్ వంశముననే, వీటా శాక్విల్‌వెస్టు అను రచయిత్రి పుట్టి పెరిగెను. ఆన్ దినచర్యను 1923లో అచ్చువేయించినది ఆమెయే. తండ్రికి ఏకసంతానమైనను, 1928లో ఆయన గతింపగా, బిరుదముతోపాటు ఆ యిల్లు కూడ ఆడుబిడ్డ యగుటచే ఆమెకు రాక పినతండ్రికి బోయెను. మూడువందల యేండ్లు గడచినను చట్టము మాఱలేదు! బిరుదము వారసత్వముగా వచ్చిన స్త్రీలు ప్రభువులసభలో గూర్చుండుటకు 1963లో హక్కు వచ్చెను. కిరీటమునకు తమ్ముడు అక్కను మించు పద్ధతిని 2013నాటి చట్టము తొలగించెను. ప్రభువంశముల బిరుదములలో నధికభాగముమాత్ర మిప్పటికిని మగవారికే చెందుచున్నవి.

మనకు కోటలు లేవు; ఎర్ల్ బిరుదములు లేవు. కాని కాగితములు కలవు. ఆంధ్రప్రదేశమున 1986లో చేసిన చట్టమును, 2005లో దేశమంతటికిని వచ్చిన సవరణయు కుమార్తెకు ఉమ్మడియాస్తిలో పుట్టుకతోనే భాగమొసగినవి. చట్టము హక్కు నిచ్చును. దానిని నిలుపునది వ్రాత. ఏ కాగితము ఎచ్చటనున్నదో, అందేమి వ్రాసియున్నదో ఇంటి యిల్లాలు తెలిసికొనుట అత్యాశ కాదు, అవిధేయత కాదు. మార్గరెట్టు ప్రాతపత్రములను వెదకింపనిచో ఆన్ ఏమని వాదించియుండును?

కావున, సోదరీమణులారా, మీ యింట వంశవృక్షము వ్రాయించునపుడు తల్లి పేరును, అమ్మమ్మ పేరును, నాయనమ్మ పేరును వారి పుట్టినింటి పేర్లతో గూడ వ్రాయింపుడు. కుమార్తెలను పుట్టిన వరుసలోనే వ్రాయింపుడు. పెద్దలు జీవించియుండగానే యడిగి వ్రాసికొనుట మేలు. మగవారి పేర్లను చెప్పువారు పలువురుందురు. మన తల్లుల పేర్లను మనము వ్రాయకున్న మఱెవ్వరు వ్రాయుదురు?