తక్కువ నంబరుకే గిరాకీ

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను ఆ పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. అందరికీ అది సీటీసీ. అక్కడ ఏ వస్తువుకైనా పెద్ద నంబరుదే పైచేయి. ర్యామ్ పెరిగితే ధర పెరుగుతుంది, ప్రాసెసర్ తరం మారితే పాతదాన్ని ముట్టుకునేవాడుండడు. ఈ లెక్క తలకిందులైన సరుకు నేను ఒక్కటే చూశాను: సోనీవాళ్ల చేతి గేమ్ యంత్రం పీఎస్‌పీ. అప్పట్లో సెకండ్‌హ్యాండ్‌ది పట్టుకెళ్తే కౌంటర్ వెనక కుర్రాడు గీతలు పడ్డ స్క్రీన్ కేసి చూసేవాడు కాదు. సరాసరి సిస్టమ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి సిస్టమ్ ఇన్ఫర్మేషన్ నొక్కేవాడు. 1.50 అని కనిపిస్తే మొహం విప్పారేది. అంతకు మించి ఉందో, "అప్‌డేట్ ఎందుకు కొట్టినవ్ అన్నా?" అని జాలిపడేవాడు.

ఆ నంబరు ఫర్మ్‌వేర్‌ది. యంత్రం కళ్లు తెరవగానే ఏం చేయాలో చెప్పే లోపలి సాఫ్ట్‌వేరే ఫర్మ్‌వేర్. 2004 డిసెంబర్ 12న జపాన్‌లో పీఎస్‌పీ అమ్మకానికి వచ్చినప్పుడు అందులో ఉన్నది 1.00. ప్రోగ్రామ్ మీద కంపెనీ సంతకం ఉందా లేదా అని అది పట్టించుకోలేదు. మెమరీ స్టిక్‌లో ఎవరు రాసిన ప్రోగ్రామ్ పెట్టినా నడిపించేసింది. 2005 మార్చి 24న అమెరికాలో విడుదలైన యంత్రాల్లో 1.50 వచ్చి ఆ తలుపు మూసింది. మూసిందే కానీ గడియ సరిగ్గా పడలేదు. ఆ వేసవిలోనే స్పెయిన్ కుర్రాళ్లు దారి కనిపెట్టారు. రెండు మెమరీ స్టిక్‌లు కావాలి. మొదటిది పెట్టి ప్రోగ్రామ్ మొదలుపెట్టాలి. తెరమీద లోగో వచ్చే ఆ రెప్పపాటులో దాన్ని లాగేసి రెండోది దూర్చాలి. తర్వాత అంత గారడీ కూడా అక్కర్లేకపోయింది. ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు చేసి, ఒకదాని చివర శాతం గుర్తు తగిలిస్తే చాలు, యంత్రం బోల్తా పడేది.

సోనీ ఊరుకుంటుందా? కొత్త గేమ్ డిస్క్‌తో పాటే కొత్త ఫర్మ్‌వేర్ ఇచ్చి, అప్‌డేట్ చేస్తేనే ఆట అంది. 'గ్రాండ్ థెఫ్ట్ ఆటో: లిబర్టీ సిటీ స్టోరీస్' ఆడాలంటే 2.00కి మారాల్సిందే. తమాషా ఏమిటంటే, కొన్నాళ్లకు ఆ ఆట సేవ్ ఫైలును చదివే తీరులోని లోపమే 2.60 దాకా తాళాలు తీసే తాళంచెవి అయింది. తాళం అమ్మినవాడి దుకాణంలోనే మారుతాళం దొరికిందన్నమాట. దొంగ గేమ్ కాపీల వ్యాపారం కూడా ఇందులోంచే పెరిగిందని నాకు తెలుసు, దాన్ని సమర్థించను. కానీ డబ్బిచ్చి కొన్న యంత్రంలో తన ప్రోగ్రామ్ తాను నడుపుకోవాలనుకున్న పిల్లాడిని దొంగ అనడానికి నోరు రాదు.

2007లో వచ్చిన పాండోరా బ్యాటరీ ఇంకా చిత్రం. బ్యాటరీ లోపలి చిప్‌లో ఉండే సీరియల్ నంబరును అన్నీ ఎఫ్‌లుగా మారిస్తే, యంత్రం తాను సర్వీస్ సెంటర్‌లో ఉన్నాననుకుని, మెమరీ స్టిక్ నుంచే లేచేది. ఫర్మ్‌వేర్ చెడి చచ్చిపోయిందనుకున్న పీఎస్‌పీకి మళ్లీ ప్రాణం. ఇది కంపెనీ తన రిపేరు కోసం పెట్టుకున్న దొడ్డిదారే.

తక్కువ నంబరుకే అంత విలువైతే, 1.00 కన్నా కింద ఉన్నవాటి మాటేమిటి? అవి దుకాణానికి రావు. పీఎస్‌పీకి గేమ్ చేసే కంపెనీలకు సోనీ ఇచ్చిన డెవ్‌కిట్ చేతిలో పట్టేది కాదు. డెస్క్‌టాప్ కంప్యూటర్ అంత డబ్బా, దానికి తీగతో వేలాడే చేతియంత్రం. విడుదలకు ముందు ఫర్మ్‌వేర్లు బతికింది అలాంటి డబ్బాల్లో. పీఎస్‌పీ తర్వాత సోనీ తెచ్చిన వీటాకూ 0.9తో మొదలయ్యే వెర్షన్లు ఉన్నాయి. వీటా డెవ్‌కిట్‌లకు గడువు కూడా ఉంటుంది, తీరితే మళ్లీ యాక్టివేట్ చేయాలి. సేకర్తలు వీటికోసం పడిచస్తారంటే నాకు వింత అనిపించదు. మెనూలో మిగిలిపోయిన డీబగ్ సెట్టింగ్స్, ఇంకా వేయని తాళాలు: కంపెనీ ఏది ముందు అనుకుంది, ఏది తర్వాత మానుకుంది అన్నది అక్కడే తెలుస్తుంది. అమ్మకానికి పెట్టిన 1.00 ఆ సంగతి చెప్పదు.

ఇదంతా జపాన్ గొడవ అనుకోనక్కర్లేదు. 2009లో సోనీ విడుదల చేసిన 'దేశీ అడ్డా' తయారైంది హైదరాబాద్‌లోనే, గేమ్‌శాస్త్ర అనే కంపెనీలో. మొదట పీఎస్2, ఆపైన పీఎస్‌పీ. కబడ్డీ, గాలిపటాలు, మనం చిర్రగోనె అనే గిల్లీదండా అందులో ఆటలు. పీఎస్‌పీ తెర అడ్డంగా 480, నిలువునా 272 చుక్కలు; అందులోనే గాలిపటం ఎగరాలి, మాంజా తెగాలి. విడుదలైన డిస్క్ ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. సగం కట్టిన గాలిపటం, కూతకు ముందే ఆగిపోయే కబడ్డీ ఉన్న టెస్ట్ బిల్డ్‌లు సీటీసీలో ఏ ధరకూ రావు. అప్పట్లో దానిమీద పనిచేసినవాళ్ల ఇంట్లో, అటక మీద, పేరు రాయని డిస్క్ ఏదైనా పడివుంటే దయచేసి పాత సామాన్ల బండికి వేయకండి.