లారీ బిల్లుతో రీఫండా?

శ్రీపెరంబుదూరు నుంచి సోమందేపల్లికి సామాన్లు తేవడానికి లారీకి 22,000 అయింది. పెనుకొండ దగ్గర కియా వచ్చాక ఇట్లా వచ్చినోళ్లు మా వీధిలో ఇంకా ఉన్నారు. రిటర్న్ వేసే ఆయన "ఆ బిల్లు చూపిద్దాం సార్, రీఫండొస్తుంది" అన్నాడు. వద్దన్నాను.

సొంతంగా ఉద్యోగం మారి, మన జేబులోంచి పెట్టిన షిఫ్టింగ్ ఖర్చుకు జీతం మీద మినహాయింపు లేదు. కంపెనీయే బదిలీ చేసి అలవెన్స్ ఇస్తే మాత్రం, ప్రయాణానికి, ప్యాకింగుకు, రవాణాకు నిజంగా అయినంత వరకు పన్నుండదు. కొత్త పన్ను విధానంలోనూ అంతే. ఇది చాలామందికి తెలీదు.

"ఇంత చిన్న మొత్తం ఎవరు చూస్తారన్నా?" అన్నాడు పక్కింటి తమ్ముడు. చూడకపోవచ్చు. కానీ ఫారం 16లో లేని మినహాయింపు బెంగళూరు ప్రాసెసింగ్ సెంటర్లో తేలిగ్గా కనిపిస్తుంది. నోటీసు వచ్చేది నా పాన్ మీద, ఆయన పాన్ మీద కాదు. 20 శాతం స్లాబులో మిగిలేది దాదాపు 4,500. తప్పుడు లెక్కని తేలితే ఆ పన్నూ, వడ్డీ కాక 200 శాతం జరిమానా, అంటే ఇంకో 9,000.

తమ్ముడిది మాత్రం కంపెనీ బదిలీయే, అలవెన్సూ ఇచ్చారు. "లారీ రసీదు ఉందా?" అంటే తల గోక్కున్నాడు. ఇప్పుడు వాట్సాప్‌లో పాత ఫొటోలు వెతుకుతున్నాడు.